వానకు పన్ను కాదు, కప్పుకు బిల్లు

2024 మార్చి నెలాఖరులో ఒక వార్త మన ఫోన్లలో చక్కర్లు కొట్టింది. టొరంటోలో వానకు పన్ను వేస్తున్నారట! ఆకాశం నుంచి ఊరికే పడే నీటికి కూడా డబ్బు కట్టించుకునే రోజులొచ్చాయని ఒకరు, ఇక పీల్చే గాలికి ఎప్పుడు వేస్తారని ఇంకొకరు వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుకున్నారు. నిజానికి టొరంటో నగరం అప్పటికి వేసిందేమీ లేదు. వరద కాలువల ఖర్చును నీటి బిల్లులోంచి విడదీసి, ఒక్కో స్థలంలో నీరు ఇంకని నేల ఎంత ఉందో దాన్నిబట్టి వసూలు చేస్తే ఎలా ఉంటుందని జనాన్ని అడుగుతోంది, అంతే. గోల పెరిగేసరికి ఆ కసరత్తును పక్కన పెట్టేసింది.

తమాషా ఏమిటంటే, టొరంటోను ఆనుకునే ఉన్న మిసిసాగాలో అచ్చం ఇలాంటి బిల్లు 2016 జనవరి నుంచే వస్తోంది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా నీటి బిల్లుతోపాటు దాన్నీ కట్టేసి ఊరుకుంటున్నాయి.

ఆ నగరం లెక్క కట్టిన తీరు చూడాల్సిందే. విమానం నుంచి తీసిన ఫొటోల మీద ఇంటింటి కప్పు అంచులూ గీసి వైశాల్యం తేల్చారు. ఇళ్లను ఐదు తరగతులు చేశారు. కప్పు చిన్నదైతే అర యూనిట్, అన్నిటికన్నా పెద్ద తరగతికి 1.7 యూనిట్లు. కప్పు 26.7 చదరపు మీటర్ల లోపు ఉంటే అసలు బిల్లే లేదు. దుకాణాలు, ఫ్యాక్టరీల విషయంలో కప్పుతోపాటు పార్కింగ్ స్థలం, సిమెంటు చేసిన ప్రతి చోటూ లెక్కలోకే వస్తుంది: 267 చదరపు మీటర్లకు ఒక యూనిట్. మొదటి ఏడాది యూనిట్ ధర 100 కెనడా డాలర్లు. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, ఎన్ని నీళ్లు వాడారు, ఆ ఇల్లు అమ్మితే ఎంత పలుకుతుంది అన్నవేవీ ఈ బిల్లుకు పట్టవు.

ఇది ఊరికే పుట్టిన బిల్లు కాదు. 2009 ఆగస్టు 4న కుక్స్‌విల్ వాగు పొంగి మిసిసాగాలో ఇళ్లను ముంచింది. నాలుగేళ్లు తిరగకుండానే, 2013 జులై 8 సాయంత్రం, పియర్సన్ విమానాశ్రయం దగ్గర కొద్ది గంటల్లో 126 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ విమానాశ్రయం పేరుకు టొరంటోదే గానీ ఉన్నది మిసిసాగాలోనే. వాగులు వెడల్పు చేయాలి, పాత పైపులు మార్చాలి, నీటిని కాసేపు ఆపే గుంటలు తవ్వాలి. వీటికి ఏటా డబ్బు కావాలి. ఆస్తి పన్నులోంచి తీస్తే పోలీసులకో బస్సులకో కోత పడుతుంది. అందుకని కాలువలకంటూ ఒక పద్దు, ఆ పద్దుకంటూ ఒక బిల్లు పెట్టుకున్నారు. ఈ ఏర్పాటునే వాననీటి యుటిలిటీ అంటారు. కరెంటుకు ఒక సంస్థ, తాగునీటికి ఒక సంస్థ ఉన్నట్టు వరద నీటికీ ఒకటి అన్నమాట.

కొలతకు కప్పునే ఎందుకు ఎంచుకున్నారు? జవాబు మన మిద్దె మీదే ఉంది.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. హైదరాబాద్‌లో 200 గజాల్లో కట్టిన ఇంటి స్లాబు 150 చదరపు మీటర్లు అనుకుందాం. ఓ సాయంత్రం 50 మిల్లీమీటర్లు దంచికొట్టింది. ఆ స్లాబు మీద పడినవి 7,500 లీటర్లు, అంటే ఎండాకాలంలో వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో నమోదైన వాన 241.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఆ ఒక్క మిద్దె మీదే ఏడు ట్యాంకర్లకు పైగా! మే నెలలో ఒక్క ట్యాంకరు కోసం రెండ్రోజులు ఎదురుచూసే ఇల్లే ఆగస్టులో ఏడింటిని గొట్టంలోంచి వీధిలోకి వదిలేస్తుంది. ఇక ఒక ఎకరం సిమెంటు పార్కింగ్ సంగతి చూస్తే, 50 మిల్లీమీటర్లకే 40 ట్యాంకర్లు.

అదే స్థలం మట్టి నేలగా ఉన్నప్పుడు కథ వేరు. మొదటి జల్లును ఆకులు, గడ్డి పట్టుకుంటాయి. తర్వాతది మట్టి రంధ్రాల్లోకి దిగుతుంది. నేల తడిసి చాలనుకున్నాకే మిగిలింది వాలుకు కదులుతుంది, అదీ మెల్లగా. ఐర్లండ్ ఇంజనీరు థామస్ మల్వనీ 1851లో, అమెరికాలోని రోచెస్టర్ నగర ఇంజనీరు ఎమిల్ కైక్లింగ్ 1889లో దీన్ని సూత్రంగా కట్టారు. కాలువలోకి వచ్చే గరిష్ఠ ప్రవాహం మూడింటి లబ్ధం: వాన తీవ్రత, నేల వైశాల్యం, పడినదాంట్లో ఎంత భాగం పారుతుందో చెప్పే గుణకం. కాలువల డిజైనుకు ఇప్పటికీ ఇంజనీర్లు మొదట పట్టుకునే సూత్రం ఇదే. పచ్చిక బయలుకు ఆ గుణకం 0.1, 0.2 దగ్గర ఉంటే కాంక్రీటుకు 0.9 దాకా పోతుంది. వాన తీవ్రత మన చేతుల్లో లేదు. స్థలం వైశాల్యం మారేది కాదు. మనిషి మార్చగలిగింది ఆ గుణకాన్నే, మార్చాడు కూడా. ఒక్కో స్లాబు, ఒక్కో పార్కింగు, ఇంటి ముందు పోసిన ఒక్కో సిమెంటు పట్టీ దాన్ని పైకి నెడుతూనే ఉన్నాయి.

పైగా గట్టి నేల మీద నీరు ఎక్కువగా పారడమే కాదు, తొందరగా పారుతుంది. మెల్లగా రావాల్సినదంతా పది నిమిషాల్లో ఒకేసారి వచ్చి కాలువ మూతి దగ్గర తోసుకుంటుంది. దారిలో రోడ్డు మీది నూనె, టైర్లు అరిగిన పొడి, చెత్త, కుక్కల మలం అన్నిటినీ తుడుచుకొస్తుంది కూడా. చాలా రోజుల తర్వాత పడ్డ వానలో మొదటి అరగంట నీళ్లు మురుగుకు ఏమాత్రం తీసిపోవని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు.

నీరు పల్లమెరుగు అన్నారు. బిల్లు మాత్రం పల్లాన్ని ఎరగదు. గట్టు మీద పెద్ద షెడ్డు కట్టినవాడు తన నీళ్లను పల్లానికి వదులుతాడు, పల్లంలో ఉన్నవాడు బియ్యం బస్తాలు మంచమెక్కిస్తాడు. పైవాడు ఆ కాలువకు విడిగా కట్టిందేమీ లేదు. తాగునీటికి మీటరుంది, నల్లా తిప్పితే రీడింగ్ వస్తుంది. మురుగుకు ఆ మీటరు మీదే వాటా వేస్తారు. హైదరాబాద్ జలమండలి నీటి బిల్లు మీద 35 శాతం సీవరేజ్ సెస్సు తీసుకునేది అందుకే. వాననీటికి మాత్రం ఏ గొట్టానికీ మీటరు లేదు. అది ఎవరి వాకిట్లోంచి ఎంత వచ్చిందో కొలిచే తేలికైన సాధనం ఒక్కటే: ఆ వాకిలి, ఆ కప్పు.

ఈ సంగతిని ముందుగా పట్టుకున్న ఊళ్లలో బెల్‌వ్యూ ఒకటి. సియాటిల్ పక్కన, వాషింగ్టన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌కు పొరుగూరు కాబట్టి ఇవాళ అక్కడ తెలుగు మాట వినడం వింతేమీ కాదు. 1974లో మాత్రం అది వేగంగా పెరుగుతున్న శివారు ఊరు. ఇళ్లు పెరిగేకొద్దీ వాగులు కోసుకుపోతున్నాయి, సాల్మన్ చేపలు ఎదురీదే నీళ్లు బురదవుతున్నాయి. ఆ ఏడాది నగరం వాననీటికి ప్రత్యేక యుటిలిటీ పెట్టింది. స్థలం ఎంత, దాని మీద ఎంత దట్టంగా కట్టారు అన్న రెండిటినీ చూసి బిల్లు వేసింది. కట్టకుండా వదిలేసిన నేలకు అతి తక్కువ, నిండా కట్టేసిన నేలకు అతి ఎక్కువ. వాగులను పైపుల్లో పూడ్చేయకుండా వాగులుగానే ఉంచి, వాటినే వరద దారులుగా వాడుకోవాలన్నది కూడా ఆ ఊరు తీసుకున్న నిర్ణయం.

మిగతా ఊళ్లు వెంటనే అటు పరుగెత్తలేదు. చట్టం వెనక పడ్డాకే కదిలాయి. అమెరికా స్వచ్ఛ జల చట్టం 1972లో వచ్చింది. ఫ్యాక్టరీ గొట్టాల మీదే మొదట దాని కన్నంతా. 1987 సవరణతో ఊరి వాననీటి కాలువలు కూడా దాని కిందికి వచ్చాయి. లక్ష పైన జనాభా ఉన్న నగరాలకు 1990లో, చిన్న ఊళ్లకు 1999లో నిబంధనలు వచ్చాయి. నదిలో కలిసే ప్రతి కాలువకూ పర్మిట్ కావాలి, శుభ్రత చూపించాలి. కేంద్ర ప్రభుత్వం హుకుం ఇచ్చింది గానీ దానికి తగ్గ సొమ్ము ఇవ్వలేదు. ఈ తరహా వ్యవహారం మన మున్సిపాలిటీలకు చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి ఈ యుటిలిటీలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. వెస్టర్న్ కెంటకీ విశ్వవిద్యాలయం ఏళ్లుగా చేస్తున్న సర్వే ప్రకారం ఇప్పుడు అమెరికాలో అవి రెండు వేలకు తక్కువ లేవు. డల్లాస్ చుట్టూ ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లు నెలనెలా వచ్చే నగర బిల్లును కిందిదాకా చదివితే నీళ్లు, మురుగు, చెత్త తర్వాత డ్రైనేజ్ అని ఇంకో పద్దు కనిపిస్తుంది. అదే ఇది. ఎక్కువ ఊళ్లు వాడే కొలమానం సులువైంది. ఊళ్లో సగటు ఇంటికి నీరింకని నేల ఎంతో తేల్చి దాన్ని ఒక యూనిట్ అంటారు. ప్రతి ఇల్లూ ఒక యూనిట్. సూపర్‌మార్కెట్టుకు ఎన్ని ఇళ్లంత కాంక్రీటు ఉంటే అన్ని యూనిట్లు. ఇంటికి పడేది చాలా చోట్ల నెలకు ఐదారు డాలర్లు, రెండు కాఫీల ఖర్చు. అసలు దెబ్బ పార్కింగ్ స్థలాలకు తగులుతుంది.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఫిలడెల్ఫియా చూపించింది.

ఫిలడెల్ఫియా పాత ఊరు. నగరంలో దాదాపు 60 శాతం ప్రాంతంలో మురుగుకూ వాననీటికీ ఒకటే పైపు. మామూలు రోజుల్లో అంతా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన గట్టిగా పడితే పైపు చాలదు, మురుగు కలిసిన నీళ్లు నేరుగా నదుల్లోకి పొర్లుతాయి. స్కూల్‌కిల్, డెలావేర్ నదుల్లోకీ వాటి వాగుల్లోకీ అలా పొర్లే మూతులు 164 ఉన్నాయి. ఆ నదుల నీళ్లే ఊరు తాగుతుంది.

వాననీటి ఖర్చు ఆ ఊళ్లో ముందు నుంచీ వసూలు చేస్తున్నారు గానీ, నీటి మీటరు సైజును బట్టి. ఇక్కడే వచ్చింది చిక్కు. ఎత్తైన ఆఫీసు భవనంలో వేలమంది పనిచేస్తారు, పెద్ద మీటరుంటుంది, పెద్ద బిల్లు వస్తుంది. దాని కప్పు మాత్రం అరెకరం ఉండదు. ఐదెకరాల తారు పార్కింగ్ స్థలంలో ఒక్క నల్లా కూడా ఉండదు. మీటరే లేదు, కాబట్టి బిల్లే లేదు. వాన పడితే ఐదెకరాల నీళ్లూ వీధిలోకి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నీళ్లు వదిలేవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు ఇంకొకడు.

2010 జులైలో ఫిలడెల్ఫియా ఈ లెక్కను తిరగేసింది. వ్యాపార స్థలాలకు మీటరు సైజును క్రమంగా తీసేసి, నాలుగేళ్లలో పూర్తిగా స్థలాన్ని బట్టి లెక్క కట్టే పద్ధతికి మారింది. బిల్లులో 80 శాతం బరువు నీరింకని నేల మీద, 20 శాతం మొత్తం స్థలం మీద. ఇళ్ల విషయంలో ఒక్కొక్కదాన్నీ కొలవలేదు. ఊరి సగటు ఇంటికి నీరింకని నేల 1,050 చదరపు అడుగులని తేల్చి అందరికీ ఒకే బిల్లు వేశారు. ఒక ఎకరం తారు పార్కింగ్ అంటే దాదాపు 41 ఇళ్లంత కాంక్రీటు. ఒకనాడు సున్నా కట్టినవాడికి ఇప్పుడు ఆ మేరకు బిల్లు. పాత కార్ల యార్డులు, గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు లబోదిబోమన్నారు. కొందరికి బిల్లు కొన్ని రెట్లు పెరిగింది. మరోపక్క ఆకాశహర్మ్యాల యజమానులకు తగ్గింది. వాళ్లు చప్పుడు చేయలేదు. బిల్లు తగ్గినవాడు ఊరేగింపు తీయడం లోకంలో ఎక్కడా లేదు.

నగరం కూడా గొడవను బిల్లుతోనే వదిలేయలేదు. స్థలంలో పడిన మొదటి అంగుళం నీటిని అక్కడే ఆపి ఇంకించినవాళ్లకు బిల్లులో పెద్ద రాయితీ ఇస్తామంది, ఆ పని చేసుకోవడానికి గ్రాంట్లూ పెట్టింది. తర్వాత ఆ అంగుళాన్ని ఒకటిన్నర అంగుళాలకు పెంచారు. పార్కింగ్ అంచున కాస్త పల్లం చేసి, కంకర, ఇసుక కలిసిన మట్టి పోసి, తడికీ ఎండకీ తట్టుకునే మొక్కలు నాటితే చాలు. కార్ల వరసల మధ్య ఎత్తుగా కట్టే సిమెంటు గట్టుకు బదులు కిందికి దిగే మట్టి పట్టీ. గట్టు అంచులో అడుగు వెడల్పు గండి కొడితే నీళ్లు అందులోంచి మొక్కల్లోకి దిగుతాయి. మన భాషలో దానికి ఎప్పటినుంచో పేరుంది: ఇంకుడు గుంత. 2011లో నగరం రాష్ట్ర ప్రభుత్వంతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. నేల కింద రాక్షస సొరంగాలు తవ్వి నీటిని దాచే ఖరీదైన దారికి బదులు, దాదాపు 240 కోట్ల డాలర్లతో 9,500 ఎకరాలకు పైగా గట్టి నేల నీళ్లను ఇలా ఎక్కడికక్కడ ఆపే ప్రణాళిక అది. ఆ లెక్క పూర్తిగా తేలేది 2036లో. ఈలోగా ఏ కంపెనీ అయినా గ్రాంటుతో గుంత కట్టించుకుని పూడిక తీయడం మరిచిపోతే, అది రెండేళ్లలో మామూలు పూలకుండీ అయిపోతుంది. మొక్కల కింద పనిచేసేది మట్టే, ఆ మట్టికి కాపలా కావాలి.

ఇదంతా ఇలా సాఫీగా సాగిందని అనుకుంటే పొరపాటే. వాననీటి బిల్లుల చరిత్రలో సగం కోర్టుల్లోనే ఉంది. అసలు ప్రశ్న ఒక్కటే: ఇది రుసుమా, పన్నా? పేరులో ఏముంది అనిపిస్తుంది గానీ పేరులోనే అంతా ఉంది. పన్నైతే చాలా చోట్ల ఓటర్ల అనుమతి కావాలి, చర్చిలకు, విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ కార్యాలయాలకు మినహాయింపు ఉంటుంది. రుసుమైతే అనుమతి అక్కర్లేదు, వాడుకున్న ప్రతివాడూ కట్టాలి, చర్చి అయినా సరే. నగరాలకు రుసుము ముద్దొచ్చేది అందుకే.

మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్ 1995లో ఇలాంటి రుసుము పెట్టింది. కలిసిపోయిన మురుగు, వాననీటి పైపులను విడదీసే ఖర్చులో సగం దీన్నుంచి రాబట్టాలని ఆలోచన. బోల్ట్ కేసుగా పేరుపడ్డ వివాదంలో 1998 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు మూడు అడిగింది. ఇది నియంత్రణ కోసమా, ఖజానా కోసమా? కట్టిన డబ్బుకు తగ్గ సేవ అతనికే అందుతోందా? వద్దనుకుంటే తప్పించుకునే, తగ్గించుకునే దారి ఉందా? పైపులు ఎప్పుడో విడదీసిన ఇళ్లవాళ్లూ కడుతున్నారు, తగ్గించుకునే దారీ లేదు. కాబట్టి ఇది రుసుము ముసుగేసుకున్న పన్నని తేల్చింది. ఆ తర్వాత పుట్టిన యుటిలిటీలు ఈ తీర్పును పక్కన పెట్టుకునే నియమాలు రాసుకున్నాయి. ఇంకుడు గుంత తవ్వితే రాయితీ అన్న ఏర్పాటు ప్రకృతి మీద ప్రేమతో వచ్చిందనుకుంటాం. అందులో లాయరు సలహా పాలు కూడా తక్కువేం కాదు.

వాషింగ్టన్ నగరంలో చిక్కు ఇంకా గమ్మత్తైంది. ఆ ఊళ్లో పెద్ద భూస్వామి అమెరికా కేంద్ర ప్రభుత్వమే. నగరం వాననీటి బిల్లు పంపితే కేంద్ర సంస్థలు ఇది పన్ను, మేం కట్టం అన్నాయి. నదుల శుభ్రతకు చట్టం చేసిన ప్రభుత్వమే తన కప్పు మీది నీటికి బిల్లు కట్టనంటే ఏం చేయాలి? చివరికి అమెరికా కాంగ్రెస్సే కలగజేసుకోవాల్సి వచ్చింది. కేంద్ర కార్యాలయాలు కూడా సబబైన వాననీటి రుసుము కట్టాలన్న సవరణ మీద అధ్యక్షుడు ఒబామా 2011 జనవరిలో సంతకం చేశారు.

మేరీలాండ్‌లో దెబ్బ కొట్టింది కోర్టు కాదు, ఒక మాట. చెసపీక్ అఖాతంలోకి వచ్చే కాలుష్యాన్ని తగ్గించడానికి తొమ్మిది కౌంటీలు, బాల్టిమోర్ నగరం వాననీటి రుసుము పెట్టి తీరాలని 2012లో రాష్ట్రం చట్టం చేసింది. ప్రత్యర్థులు దానికి రెయిన్ ట్యాక్స్ అని పేరు పెట్టారు. అంతే, ఇక ఇంపర్వియస్ సర్ఫేస్, అంటే నీరింకని నేల, అని ఎంత వివరించినా వినేవాడు లేడు. ఫ్రెడరిక్ కౌంటీ చట్టాన్ని వెక్కిరిస్తూ స్థలానికి ఏడాదికి ఒక్క సెంటు రుసుము వేసింది. బిల్లు కాగితం ఖర్చు కూడా రాని మొత్తం. ప్రిన్స్ జార్జ్ కౌంటీ ఇంకో దారి పట్టింది: నీరింకే ఏర్పాట్లు చేసి, పర్యావరణం గురించి భక్తులకు బోధించే చర్చిలకు బిల్లు తగ్గిస్తామంది. 2014 ఎన్నికల్లో లారీ హోగన్ ఈ పన్నునే పదేపదే ఎత్తి చూపి గవర్నరయ్యాడు. 2015లో ఆ నిర్బంధం పోయింది. డబ్బు ఎక్కడినుంచి తెస్తారో కౌంటీలు చూపించాలన్న షరతు మాత్రం మిగిలింది, ఎందుకంటే నీళ్లు ఎన్నికల ఫలితం చూసి ఆగవు.

ఇదే పనిని జర్మనీ పెద్దగా గోల లేకుండా చేసేసింది. అక్కడ చాలాకాలం మురుగు, వాననీరు కలిపి తాగునీటి మీటరు మీదే వసూలు చేసేవాళ్లు. అపార్టుమెంటులో నలుగురు పిల్లలున్న కుటుంబం ఎక్కువ కట్టేది, విశాలమైన పార్కింగ్ ఉన్న సూపర్‌బజారు తక్కువ. ఇది అన్యాయమని కోర్టులు చెబుతూ వచ్చాయి. బెర్లిన్ 2000లో రెండిటినీ విడదీసింది. బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో 2010 మార్చిలో మాన్‌హైమ్ పరిపాలనా న్యాయస్థానం తీర్పుతో ఊళ్లన్నీ విడదీయక తప్పలేదు. మిద్దె మీద మట్టి పరిచి గడ్డి పెంచినవాళ్లకు చాలా ఊళ్లు తగ్గింపు ఇస్తాయి. అమెరికాలో రుసుము వద్దని కోర్టుకెక్కితే, జర్మనీలో రుసుము సరిగ్గా పంచలేదని ఎక్కారు. తేడా గమనించాల్సిందే.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌కు వరద కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ఊడ్చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఎగువన ఆనకట్టలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ వరద పైనుంచి వచ్చింది. ఇప్పటి వరద ఊరిలోపలే పుడుతోంది. మన నగరాల్లో పాత వాననీటి కాలువలను గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకే డిజైన్ చేశారని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే రాసింది. ఆ కొలతలు పెట్టుకున్ననాటికి ఊళ్లో తోటలున్నాయి, చెరువులున్నాయి, ఇంటికో పెరడుంది.

హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరద తర్వాత నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం పెట్టి మొదటి దశకు దాదాపు 985 కోట్లు కేటాయించారు. 2024లో హైదరాబాద్ సహా ఆరు నగరాల వరద పనులకు కేంద్రం 2,514 కోట్ల ప్రణాళికలు ఆమోదించింది. అదే ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో నానింది. అక్కడా పనులు మొదలయ్యాయి. ఈ సొమ్ముల్లో ఒక పోలిక ఉంది. అవి వరద వెనకాలే వస్తాయి. గోడ కట్టడానికి వస్తాయి, ఆ గోడల మధ్య ఏటా చేరే పూడిక తీయడానికి, విరిగిన జాలీ మార్చడానికి, నాలా పక్క ఇల్లు లేవకుండా చూడటానికి రావు. శంకుస్థాపన ఫలకం వేయడానికి వీల్లేని పనులు అవి.

మరి ఇక్కడ కప్పుకు బిల్లు వేయొచ్చా? చట్టం అడ్డం కాదు. పన్నుకూ రుసుముకూ తేడాను మన సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో చర్చించింది: రుసుముకు బదులుగా ఏదో ఒక సేవ ఉండాలంది. 1983లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ రుసుము మీద వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో ఆ పట్టు సడలించింది. కట్టిన పైసాకు పైసా లెక్క చూపక్కర్లేదు, మొత్తం మీద సంబంధం కనిపిస్తే చాలంది. లాన్సింగ్‌తో పోలిస్తే మన మున్సిపాలిటీకి దారి సుఖమే.

కష్టం నేల మీద ఉంది. ఇక్కడ నాలాలో పారేది వాననీరు ఒక్కటే కాదు. ఏడాది పొడుగునా మురుగు పారుతుంది. మురుగు జలమండలిది, నాలా మున్సిపాలిటీది. బిల్లు వేసినా, నాలా అలాగే కంపు కొడుతుంటే జనం కట్టరు, కట్టనక్కర్లేదని కూడా అనిపిస్తుంది. రేకుల ఇంట్లో ఉండేవాడి దగ్గరా వసూలు చేయాలా అన్నది ఇంకో చిక్కు. మిసిసాగా చిన్న కప్పును వదిలేసినట్టు ఇక్కడా ఒక గీత గీయాల్సి ఉంటుంది. ఇంకుడు గుంతల సంగతి తెలిసిందే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచి వాటిని తవ్వమని చెబుతూనే ఉన్నారు. ఇంటి ప్లానులో గుంత గీస్తారు, గృహప్రవేశం నాటికి దాని మీద టైల్స్ పడతాయి. ఏటా బిల్లు తగ్గుతుందంటే ఆ టైల్స్ కింద మట్టి గుర్తొస్తుందేమో.

కొలత మాటకొస్తే, మన ఊళ్లు కొలవడం లేదని కాదు, వేరేదాన్ని కొలుస్తున్నాయి. హైదరాబాద్‌లో ఇంటి పన్ను కట్టిన అంతస్తుల వైశాల్యం, అద్దె విలువ చూసి వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద. ఐదంతస్తుల అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటూ కడుతుంది. వాన మాత్రం పైన ఒక్క స్లాబునే చూస్తుంది. అదే వీధి చివర ఫంక్షన్ హాలుంది అనుకోండి. హాలు చిన్నదే, ముందు రెండెకరాల పార్కింగ్, అంతా సిమెంటు. 50 మిల్లీమీటర్లు కురిస్తే ఆ పార్కింగ్ 80 ట్యాంకర్ల నీళ్లను వీధిలోకి పంపుతుంది. అపార్టుమెంటు స్లాబు 500 చదరపు మీటర్లుంటే దానివి ఐదు ట్యాంకర్లు, అందులో ఉండేవి ఇరవై కుటుంబాలు. లెక్కేస్తే కుటుంబానికి పావు ట్యాంకరు.

ఆ వీధి కింద నాలాలో ఏటా మే నెలలో పూడిక తీస్తారు. తీసిన బురదను, ప్లాస్టిక్‌ను, కొబ్బరి చిప్పలను గట్టు మీదే కుప్ప పోస్తారు. తడి ఆరాక లారీ వచ్చి ఎత్తాలి. చాలాసార్లు లారీ కంటే ముందు జూన్ మొదటి వాన వస్తుంది.